రంగము దేశమున ఒక రాత్రి ప్రయాణము

మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పెద్దలు రంగూనును రంగూను అనరు, రంగము అందురు. “వాడు రంగము పోయినాడు” అను మాట మా యింట నేను చిన్ననాటినుండి వినుచున్నదే. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో ఓడలు ఒడ్డునకు దూరముగా నిలుచుచుండెడివి. జనులు పడవలపై కెరటములు దాటిపోయి వానినెక్కి, డెక్కుపైననే తిని, డెక్కుపైననే పండుకొని, బంగాళాఖాతమును దాటుచుండెడివారు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో తెలుగువారు సుమారు లక్షన్నరమంది యుండిరి. అందు పెక్కుమంది కాయకష్టముచే బ్రదుకువారు: రేవులో మూటలు మోయువారు, బియ్యపు మిల్లులలో పనిచేయువారు, రిక్షాలు లాగువారు. మా ముత్తాత మౌల్మీను పట్టణమున నొక బియ్యపు మిల్లులో పనిచేసెను. మా తాత అచ్చటనే పుట్టెను. జడ్సనుదొర బర్మాభాషలోనికి బైబిలు తర్జుమాను 1834లో ముగించిన దా యూరిలోనే యని మన పాఠశాలలో చదువుకొన్ననాడు, ఆ పట్టణము నాకు రెండింతలు దగ్గరయ్యెను.

దానిని చూడవలెనని 2018 డిసెంబరులో, వీపున నొక సంచి తగిలించుకొని, కలకత్తా మీదుగా రంగూను చేరితిని. అచ్చటినుండి మౌల్మీను సుమారు 300 కిలోమీటర్లు. పగటి బస్సున పోయినచో రాత్రి బసకు అద్దె చెల్లింపవలెను. రాత్రి బస్సైన ఆ యద్దె మిగులును. చేతిలో ధనము తక్కువగా పరదేశములు తిరుగువా రెల్లరు వేయు లెక్క యిదియే. లెక్క సరియైనదే కాని, అందులో మోకాళ్ల సంగతి చేర్పరు.

బస్సు రాత్రి తొమ్మిది గంటలకు కదలెను. అది జపానులో వాడి విడిచిన పాత బండి. బర్మాలో 1970 వరకు మనవలెనే బండ్లు ఎడమప్రక్కను నడుచుచుండెను. ఆ సంవత్సరము ప్రభుత్వము కుడిప్రక్కకు మార్చెను. త్రోవ మారెను గాని బండ్లు మారలేదు. జపానునుండి వచ్చినవాని చుక్కాని కుడివైపుననే యుండుటచే, డ్రైవరు త్రోవ యంచున కూర్చుండును. తలుపు ఎడమవైపున నుండుటచే, దిగువాడు నడిరోడ్డున దిగును. ముందున్న లారీని దాటవలెనన్నచో ఎదుట నేమి వచ్చుచున్నదో డ్రైవరునకు కనబడదు. తలుపు వద్ద నిలిచిన కుఱ్ఱవాడు తొంగిచూచి కేక వేయును. ఆ కేకనుబట్టి బస్సు లారీని దాటును. ఈ సంగతి గ్రహించినది మొదలు నాకు నిద్రపై ఆశ పోయెను.

నా మోకాళ్లు ముందుబల్లకు ఆనుకొనియుండెను. నడుమ దారిలో ప్లాస్టికు పీటలు వేసి మరికొందరిని కూర్చుండబెట్టిరి. కనుక కాలు చాచుటకు ఆ ప్రక్కను గూడ చోటు లేదు. వాంతి వచ్చువారికై తలకొక చిన్న సంచి ముందుగనే పంచిపెట్టిరి; మర్యాదయే గాని, దానిని చేత పట్టుకొన్న వెంటనే కడుపులో తిప్పుట మొదలయ్యెను. ఎదుట తెరపై బర్మా హాస్యనాటక మొకటి పెద్ద ధ్వనితో సాగుచుండెను. అన్నిటికంటె చలిగాలి యంత్రము మిక్కిలి బాధించెను. బయట వెచ్చగా నుండ, లోపల మాత్రము మాఘమాసపు తెల్లవారుజాము! “అమ్మబాబోయ్, చలి!” అని నాలో నేననుకొంటిననుకొంటిని; అది పైకే వచ్చెను.

ప్రక్కబల్లపై బుగ్గలకు తనఖా గంధము పూసికొని, బర్మా లుంగీ కట్టిన వృద్ధురాలు తటాలున తిరిగి, “తెలుగోడివా బాబూ? ఏ ఊరు మీది?” అనెను.

శ్రీకాకుళము దగ్గరయని చెప్పితిని.

“చికాకోలే! మా అమ్మమ్మ అక్కణ్ణుంచే ఓడెక్కి వచ్చింది. నేను చూడలేదు. ఏరుంటాదట కదా?”

నాగావళిని గూర్చి నాకు తెలిసినంత చెప్పితిని. వేసవిలో ఇసుక మిగులునని చెప్పినప్పుడు ఆమె కొంచెము చిన్నబోయెను.

మాటలలో 1942 వచ్చెను. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసినతరువాత, లక్షలకొలది భారతీయులు కాలినడకను బర్మా విడిచిరి. ఎనిమిదేండ్ల మా తాత ప్రోమువద్ద ఐరావతిని దాటి, తౌంగప్ కనుమగుండా తండ్రితో నడిచెను. ఆ త్రోవలో నీరు లేకయు, కలరాచేతను ఎందరో పడిపోయిరి. ఆ సంగతులను మా తాత పూర్తిగా ఎన్నడును చెప్పలేదు. ఆమెవారు మాత్రము ఇంట జ్వరపడిన ముసలివారుండుటచే కదలలేక నిలిచిపోయిరట. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చినపిమ్మట మరికొందరు తిరిగివచ్చిరి; విశాఖపట్నములో కంచరపాలెమువద్ద బర్మాక్యాంపు అను పేటకు ఆ పేరు ఇట్టివారివలననే కలిగెను. ఆమెవారు అప్పుడును కదలలేదు. ప్రైవేటు పాఠశాలలను ప్రభుత్వము తీసికొనుటతో తెలుగుచదువు నిలిచెను. ఆమెకు మాట వచ్చును, అక్షరము రాదు.

నడిరేయి భోజనశాలవద్ద బస్సు ఆగి, మరల కదలినపిమ్మట, ఆమె తన సంచినుండి గుడ్డలో చుట్టిన పుస్తక మొకటి తీసెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అట్ట లేదు, మొదటి పుటలును లేవు. “మా అమ్మది. సదువు బాబూ,” అనెను. ఫోను వెలుతురున చదివితిని. బస్సు గోతులలో ఎగిరినప్పుడెల్ల పంక్తి తప్పిపోవుచుండెను. ఒక కీర్తన పురుషోత్తమ చౌదరిగారిది. ఆయన 1803లో మన పర్లాకిమిడి ప్రాంతమున పుట్టినవారని చెప్పగా, తన బంధువును గూర్చి విన్నట్లు ఆమె ముఖము వికసించెను. నేను చదువుచుండగా మెల్లగా పాడసాగెను. ఒక చరణమున ఆమె మాట వేరు, అచ్చుమాట వేరు. ఆమె ఆగి, నాచే మరల చదివించుకొని, కొంతసేపు ఆలోచించి, “పుస్తకంలో అలగే ఉంటాది. మా అమ్మ ఇలగే పాడింది,” అని తల్లి మాటతోనే కీర్తన ముగించెను. అచ్చులోనిది సరియైనదని నేను వాదింపలేదు. ఆ మాటయును చికాకోలునుండి ఓడపై వచ్చినదే కదా.

2005లో కట్టిన సాల్వీను వంతెనను నాలుగు గంటలకు దాటితిమి. మౌల్మీనులో ఆమె మనుమడు మోటారుసైకిలుతో నిలిచియుండెను. ఆమె తెలుగున “ఈ బాబు మన ఊరోడు” అనగా అతడు నవ్వెను గాని అర్థము కాలేదు. ఆమె బర్మాభాషలో మరల చెప్పెను. పుస్తకమును గుడ్డలో చుట్టుకొని, చీకటిలో నదివైపు చేయి చూపి, “మిల్లులన్నీ అటేపుండేవి బాబూ,” అని వెడలిపోయెను.

తెల్లవారుటకు ఇంకను రెండు గంటలుండెను. టీదుకాణపు పొట్టిపీటపై కూర్చుండి, ఆ రాత్రి మొదటిసారిగా కాళ్లు చాచుకొంటిని.