అవి మెట్లు కావురా!

నాకు 3డీ మోడలింగ్ పిచ్చి. ఆఫీసులో కోడ్, ఇంటికొస్తే బ్లెండర్. ఈసారి ఇంగ్లండ్‌లోని కిల్‌పెక్ అనే చిన్న ఊరి చర్చి మీద పడ్డా. 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాయితో కట్టారు. దక్షిణం వైపు గుమ్మం చుట్టూ పాములు, తీగలు, వింత జంతువుల తలలు... చూస్తే వదలబుద్ధి కాదు.

నెట్‌లో ఆ గుమ్మం డ్రాయింగ్ దొరికింది. పైన ఎలివేషన్, కింద ప్లాన్. ప్లాన్‌లో రెండు పక్కలా గీత మెట్లు మెట్లుగా లోపలికి వెళ్లింది. ఇంకేముంది, గుమ్మం ముందు మెట్లు కట్టేశా. ఎలివేషన్‌తో ఏదీ కలవదు. రెండు రాత్రులు వేస్ట్.

పండక్కి ఇంటికెళ్లినా అదే గొడవ. నాన్న వెనక నుంచి చూశారు.

"అవి మెట్లు కావురా. గోడని అడ్డంగా కోసి పైనుంచి చూస్తున్నావు. నల్లగా నింపిందంతా గోడ. మందం ఎక్కువ కదా, అందుకే వరసలుగా లోపలికి తగ్గించుకుంటూ వెళ్లారు. మూలలో ఈ సున్నా ఏంటి? స్తంభం."

మళ్లీ చూశా. నిజమే! ప్లాన్‌లో మెట్టు ఉన్నచోటే ఎలివేషన్‌లో ఇంకో ఆర్చి మొదలవుతోంది.

"ఇన్ని ఆర్చీలెందుకు నాన్నా? ఒకటే పెద్దది కట్టొచ్చుగా?"

"అంత మందాన ఒకేసారి కడితే సెంట్రింగ్‌కి చెక్క ఎంత కావాలి? ముందు లోపలి దానికే చెక్క పెడతారు. రాళ్లు బిగిశాక బయటిది దాని మీదే కూర్చుంటుంది."

తర్వాత వెతికితే, ఇలాంటి గుమ్మాల గురించి రాసినవాళ్లూ అదే మాట చెప్పారు.

నాన్న తాపీ మేస్త్రీ. చదివింది ఏడో తరగతి. ఇంజినీరింగ్‌లో చేరేటప్పుడు ఫారంలో 'తండ్రి వృత్తి' దగ్గర నేను రాసింది 'బిజినెస్' అని. ఫస్టియర్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ కిందామీదా పడి పాసయ్యా. ఒక్కసారి కూడా ఆయన్ని అడగాలని తట్టలేదు.

"కట్టినోళ్ల పేర్లు ఉన్నాయా?" అడిగారు నాన్న.

"లేవు. ఎవరికీ తెలీదు."

"మనవి మాత్రం ఎక్కడుంటాయిలే" అంటూ టీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రే మెట్లు డిలీట్ చేశా. మోడల్ పూర్తయ్యాక కింద రెండు పేర్లు రాశా. మొదటిది నాన్నది. పక్కనే 'తాపీ మేస్త్రీ' అని.