అట్ట మీది బొమ్మలు

2025 ఫిబ్రవరి 19, నరసరావుపేట
మేనత్త వాళ్ళింట్లో అటక దులుపుతుంటే పాత 'యువ', 'చందమామ' పత్రికల కట్ట బయటపడింది. పైవాటిని చెదలు తిన్నాయి, లోపలివి బాగానే ఉన్నాయి. ఎక్కువ అట్టల మీద ఒకటే సంతకం: వ.పా.

వ.పా. అంటే చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు. ఆయన 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టారు. తొలి గురువు తండ్రి రామమూర్తి గారే. ఆ తర్వాత తానూ కశింకోట హైస్కూల్లో డ్రాయింగు చెప్పారు. నేనూ డ్రాయింగు మాస్టారినే కాబట్టి ఈ సంగతి నాకు మరీ ప్రీతి.

ఫిబ్రవరి 21
ఆ అట్టలు స్కూల్లో చూపిస్తే తోటి మాస్టారొకాయన "క్యాలెండరు బొమ్మలేగా మాస్టారూ" అన్నారు. ఒప్పుకోలేదు. పాపయ్య గారు చిత్రకారుడు రాజా రవివర్మను చూసి నేర్చుకున్నవారే. అయితే రవివర్మ గీసిన స్త్రీకి ఒళ్ళు, బరువు, కూర్చున్న చోటు అన్నీ ఉంటాయి. పాపయ్య గారు ఆ బరువు తీసేశారు. నడుము సన్నం చేసి, కళ్ళు సోగగా లాగి, చీర రంగును వెనకున్న ఆకాశంలోకి జార్చేశారు. మనిషి ఎక్కడ ఆగిందో, వెన్నెల ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. ఆ రంగుల కలయిక నాకు ఇప్పటికీ పట్టుబడలేదు.

బొమ్మలు నేరుగా చూడాలంటే రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట చిత్రశాల ఉంది. మా వైపు మాచర్ల, గురజాల పిల్లలకు అదెంత దూరం! వాళ్ళ దాకా వచ్చింది పత్రిక అట్టే. దాన్ని చింపి, ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టుకున్న ఇళ్ళు నేను చూశాను. చిత్రకారుడికి ఇంతకన్నా పెద్ద గోడ ఏముంటుంది?

ఫిబ్రవరి 26, శివరాత్రి
కోటప్పకొండ తిరునాళ్ళ. తిరునాళ్ళకు ఎత్తుగా కట్టే ప్రభల మీద ఇప్పుడు ఫ్లెక్సీలే ఎక్కువ. కొండ కింద టీ కొట్టు దగ్గర ఒక ముసలి పెయింటరు కలిశాడు. "వ.పా. అట్టలు ముందు పెట్టుకునే అమ్మవారి ముఖాలు దిద్దేవాళ్ళం బాబూ" అన్నాడు. చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడించాను. కళ్ళకు రంగు చివర్లో వేసేవారట, ఉపవాసంతో.

మార్చి 2
పాపయ్య గారు 1992 డిసెంబరు 30న పోయారు. ఆయన పని మనకు ఎక్కువగా మిగిలింది ఈ అట్టల్లోనే, అవేమో కిలోల లెక్కన పోతున్నాయి. రేపు స్కూలు నోటీసు బోర్డులో పెట్టడానికి రాసుకున్నది:

'మీ ఇంట్లో పాత యువ, చందమామ సంచికలుంటే తూకానికి వేయకండి. ఒక్కరోజు ఇవ్వండి. అట్టలు స్కాన్ చేసి, నలగకుండా తిరిగి ఇస్తాను.'