ఆడపడుచు ఇంటికి అడవిదారి

శ్రీశైలానికి బస్సులో పోయేవారికి గుడి దగ్గర స్వామి దర్శనమవుతుంది. నడిచిపోయేవారికి అంతకుముందే నల్లమల దర్శనమిస్తుంది. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా పోయే పాత యాత్రాపథం ఇది. పులుల అభయారణ్యం కావడంచేత ఎప్పుడుపడితే అప్పుడు పోనివ్వరు. శివరాత్రికీ, ఉగాదికీ మాత్రం అటవీశాఖవారు యాత్రికులకు దారి విడుస్తారు.

ఉగాదికి రెండు రోజుల ముందు, మేము నలుగురు మిత్రులం పెచ్చెరువు చెంచుగూడెం దగ్గర తెల్లవారుజామునే మూటలు భుజాన వేసుకున్నాం. దారి పొడవునా రాలిన ఇప్పపూల తీయని వాసన. పొద్దెక్కేకొద్దీ అడవి రూపు మారింది. ఆకు రాల్చిన తపసి చెట్లు విభూతి పూసుకున్న జంగమదేవరల్లా అగుపించాయి. నీడ పేరుకు మాత్రమే. మా లెక్కల మాష్టారు అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టి, గంట తిరక్కుండానే మానేశారు.

మాతో నడిచేవారిలో చాలామంది కన్నడంవారు. భ్రమరాంబ వారికి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పండుగకు పుట్టింటివారు రాకపోతే ఏ ఆడపిల్ల మాత్రం చిన్నబుచ్చుకోదు?

మిట్టమధ్యాహ్నానికి భీముని కొలను లోయలోకి దిగాం. భీముడు గదతో కొట్టి ఇక్కడ నీరు రప్పించాడని చెబుతారు. తలెత్తి చూస్తే ఎదుటి కొండమీదికి రాతిమెట్లు! 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని, ఎర్రాప్రగడను గురించి పాఠం చెప్పినప్పుడల్లా ఒక వాక్యం చెబుతూ ఉంటాను. ఆ వాక్యం ఎంత ఎత్తో ఆవేళ నా మోకాళ్ళకు తెలిసింది.

సగం ఎక్కేసరికి మాష్టారి కాలు పట్టేసింది. "నావల్ల కాదు, నేను వెనక్కి పోతాను" అని మెట్టుమీద కూలబడ్డారు. వెనక్కి పోవడానికి మాత్రం దారి దగ్గరా? మాకు పాలుపోలేదు. ఇంతలో వెనకనుంచి వస్తున్న ఒక అవ్వ ఆగింది. కాళ్ళకు చెప్పులు లేవు, నెత్తిన మూట. తన చెంబులో మిగిలిన నీళ్ళు మాష్టారి దోసిట్లో పోసింది.

ఆదోనిలో పెరిగిన మా మిత్రుడు, "మూటలో ఏముందవ్వా?" అని కన్నడంలో అడిగాడు.

"కూతురికి చీర, పసుపుకుంకుమలు."

"బస్సులో పోకూడదూ?"

"మా అమ్మ ఈ దారినే వచ్చేది నాయనా. పిల్ల ఈ దారివంకే చూస్తూంటుంది" అని అవ్వ కదిలింది.

మాష్టారు మరి మాట్లాడలేదు. నా భుజం పట్టుకుని లేచి, ఒక్కొక్క మెట్టే అవ్వ వెనకాల ఎక్కారు. కైలాసద్వారం చేరేసరికి పొద్దు వాలింది.

మెట్లు వేయించిన ప్రభువు పేరు చరిత్రలో ఉంది. ఆరువందల ఏళ్ళకు పైగా ఆ దారి మూసుకుపోకుండా నడుస్తూ వచ్చిన తల్లుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఈసారి పాఠంలో వారికీ ఒక వాక్యం చేరుస్తాను. వెళ్ళదలచిన పాఠకులు సామాను తగ్గించుకుని, నీళ్ళు మాత్రం ఎక్కువగా పట్టుకుపోవాలి. దారిలో ఎవరికైనా పోయవలసి రావచ్చు.