గడప ముందు కానుక

మాదాపూర్ ఒకప్పుడు హైదరాబాద్ నగరానికి పడమటి దిక్కున, బండరాళ్ల నడుమ ఒదిగి ఉన్న చిన్న గ్రామం. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి అక్కడ సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించిన తరువాత ఆ ప్రాంతపు రూపురేఖలు క్రమంగా మారిపోయాయి. హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి పరిసరాలలో ఆకాశాన్నంటే సౌధాలు వెలిశాయి. కొలువుల కోసం దూర ప్రాంతాల నుంచి వేలాది యువతీయువకులు వచ్చి చేరారు. కన్నవారికి, ఉన్న ఊరికి ఎడమై బతికే ఆ ఇళ్లలో ఒక పిల్లియో, ఒక కుక్కయో, ఒక జత చిన్న చిలుకలో కుటుంబ సభ్యుల స్థానాన్ని పొందాయి. పెంచేవారు వాటికి తిండి పెట్టడం అందరూ ఎరిగినదే. అవి తమను పెంచేవారికి తిండి పెట్టాలని చూడటమే వింత.

దుర్గం చెరువుకు సమీపంలోని ఒక అపార్టుమెంటు మొదటి అంతస్తులో అటువంటి యువకుడొకడు ఒంటరిగా ఉండేవాడు. అమెరికా వేళలకు అనుగుణంగా పనిచేసే ఉద్యోగం కనుక అతనికి రాత్రి పగలు, పగలు రాత్రి అయ్యాయి. ఒక వానాకాలంలో సెల్లారులో తడిసి వణుకుతున్న పిల్లికూనను అతడు ఇంటికి తెచ్చుకొన్నాడు. అది పెరిగి పెద్దదై, బాల్కనీని ఆనుకొని ఉన్న వేపచెట్టు మీదుగా రాకపోకలు సాగించేది. ఒకనాటి తెల్లవారుజామున అతడు తలుపు తీసేసరికి గడప దగ్గర కొనప్రాణంతో కొట్టుకొంటున్న తొండ కనిపించింది. పిల్లి దాని పక్కనే కూర్చొని, అతని ముఖంలోకి చూస్తూ మెల్లగా అరిచింది. అతనికి ఒళ్లు జలదరించింది. చీపురు తీసుకొని పిల్లిని అదిలించాడు.

పిల్లి మాత్రం తన అలవాటు మానలేదు. మరికొన్ని రోజులకు ఒక బల్లిని, ఆ పై వారం ఒక ఉడుతను తెచ్చింది. ఆ ఉడుత కళేబరం ఎదురింటివారి గడప ముందు పడి ఉండటంతో మాట పెరిగింది. పిల్లిని వదిలించుకోవాలనీ, లేకుంటే ఇల్లు ఖాళీ చేయాలనీ అపార్టుమెంటు పెద్దలు తేల్చి చెప్పారు. అతడు చాలాసేపు ఆలోచించి, పిల్లిని బుట్టలో పెట్టి ఔటర్ రింగ్ రోడ్డు అవతల విడిచి రావాలని నిశ్చయించుకొన్నాడు.

అప్పటికి పది రోజుల ముందే శ్రీకాళహస్తి దగ్గరి పల్లె నుంచి అతని తల్లి వచ్చి ఉన్నది. వస్తూ వస్తూ అరిసెలు వండి ఒక డబ్బా నిండా తెచ్చింది. ఆ డబ్బా వంటింటి అరలో మూత తీయకుండానే ఉండిపోయింది. ఆకలి వేసినప్పుడు ఫోను మీద వేలు కదిపి తిండి తెప్పించుకోవడం కొడుకుకు అలవాటు. అతడు బుట్ట సిద్ధం చేస్తుండగా తల్లి చూసి, “అది పగబట్టి తెచ్చింది కాదు నాయనా! వేళకు తినడం నీకు చేతకాదనుకొన్నదేమో. బిడ్డలకు పెట్టినట్లు నీకు తెచ్చి పెడుతున్నది” అన్నది.

ఆ తల్లి ఏ శాస్త్రగ్రంథాన్నీ చదవలేదు. అయినా ఆమె మాట శాస్త్రానికి మరీ దూరమైనది కాదు. పిల్లలు పాలు మాని మాంసం రుచి మరిగే వయసు వచ్చేసరికి తల్లిపిల్లి మొదట చచ్చిన ఎలుకను తెచ్చి వాటి ముందు పెడుతుంది. కొన్నాళ్లకు బతికి ఉన్న ఎలుకను తెచ్చి విడిచిపెడుతుంది. అది పారిపోబోతే మళ్లీ పట్టి తెస్తుంది. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అని లోకం చెప్పుకొనే దృశ్యం పిల్లికూనలకు మాత్రం చదువు. సొంత పిల్లలు లేని పెంపుడు పిల్లి ఆ సహజ ప్రవృత్తితోనే తనను పెంచేవారి ముందు వేటను పెడుతున్నదని జంతు ప్రవర్తనను పరిశీలించిన పలువురు భావించారు. వేట తెలియని మనిషి దాని దృష్టిలో ఎదగని బిడ్డ కావచ్చు.

దీనికి భిన్నమైన అభిప్రాయమూ ఉన్నది. దొరికిన వేటను నిర్భయంగా తినగల చోటికి పిల్లి మోసుకొని వస్తుందనీ, ఆ చోటు దాని ఇల్లే కావడం వల్ల మనకు అది కానుకగా తోస్తున్నదనీ కొందరి వాదం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పరిశోధకులు పెంపుడు పిల్లుల మెడలకు చిన్న కెమెరాలు కట్టి చూశారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పిల్లులు పట్టిన వేటలో సుమారు నాలుగో వంతు మాత్రమే ఇంటికి చేరింది. మిగిలినదానిలో చాలా భాగాన్ని అవి పట్టిన చోటనే వదిలివేశాయి. ఏ వాదం నిజమైనా ఒక విషయం స్పష్టం. పిల్లి తనకు అత్యంత భద్రమని నమ్మిన తావుకే తన వేటను తెస్తుంది. చీపురు దెబ్బ ఆ నమ్మకానికే తగులుతుంది.

పిల్లి తీరు ఇదైతే కుక్క తీరు వేరు. 2018లో కొండాపూర్‌లో నగరపాలక సంస్థ శునకాల కోసమే ఒక ఉద్యానవనాన్ని ప్రారంభించింది. బంతి విసిరితే పరుగున తెచ్చి పాదాల దగ్గర పెట్టే లాబ్రడార్ జాతి కుక్కలు ఇటువంటి చోట్ల తరచు కనిపిస్తాయి. ఆ గుణం వాటికి ఊరక రాలేదు. వేటగాడు కొట్టిన పక్షిని పంటిగాటు పడకుండా నోట కరచి తెచ్చేందుకు ఆ జాతిని 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో తీర్చిదిద్దారు. పక్షులు లేని ఇంట్లో ఆ కుక్కకు చెప్పు, తువాలు, మేజోడు ఏది దొరికితే అదే పక్షి. ఇంటికి వచ్చిన మనిషికి చెప్పు తెచ్చి ఇచ్చే కుక్క అల్లరి చేయడం లేదు, తన వంతు పని చేస్తున్నది. మరికొన్ని కుక్కలు గిన్నెలోని తిండిని నోట నింపుకొని, మనుషులు కూర్చొన్న గదిలోకి తెచ్చి, నేల మీద పెట్టుకొని తింటాయి. ఒంటరి భోజనం వాటికి రుచించదు కాబోలు.

కుక్క మన ముఖం నాకడానికి వెనుక కూడా తిండి కథ ఉన్నది. తోడేళ్లు వేట ముగించి వచ్చినప్పుడు పిల్లలు వాటి మూతులు నాకుతాయి. పెద్దవి తాము మింగిన మాంసాన్ని కక్కి పిల్లలకు పెడతాయి. కుక్కలు తోడేళ్ల వంశానికి చెందినవి. మనం ముద్దుగా భావించే ఆ నాకుడు వెనుక ‘నాకేమి తెచ్చావు?’ అనే ప్రాచీనమైన ప్రశ్న దాగి ఉన్నది.

చిలుకల మర్యాద మరింత విచిత్రమైనది. అంగళ్లలో లవ్ బర్డ్స్ అనే పేరుతో అమ్మే ఆస్ట్రేలియా చిన్న చిలుకలలో మగది తాను మింగిన గింజలను తిరిగి నోటికి తెచ్చుకొని ఆడదానికి అందిస్తుంది. జత లేనప్పుడు అది అద్దంలోని తన ప్రతిబింబానికీ, పెంచేవారి వేలికీ అదే విందు చేస్తుంది. తల పైకీ కిందికీ ఊపుతూ, ఉత్సాహంగా గింజలు అందించే పక్షిని చూసి జబ్బు చేసిందని కంగారు పడేవారున్నారు. తల విదిలిస్తూ, ఈకలు పాడుచేసుకొంటూ, ముడుచుకొని కూర్చొన్నప్పుడే వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి. మన రామచిలుకలలోనూ జతకు తిండి తినిపించే అలవాటు ఉన్నది. అయితే వాటిని పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పూర్వజన్మలో చిలుకను పంజరంలో బంధించిన పాపానికే రామదాసు పన్నెండేళ్లు చెరసాలలో గడిపాడని జనం చెప్పుకొనే గోల్కొండ కోట హైటెక్ సిటీకి ఎంతో దూరంలో లేదు.

ఎంగిలి కానుకలను అసహ్యించుకోవడం మనిషికి సహజమే. కాని ఆ యువకుని తల్లి పుట్టి పెరిగిన సీమలో ఎంగిలికి వేరొక చరిత్ర ఉన్నది. తాను రుచి చూసిన మాంసాన్ని తిన్నడు శివునికి నివేదించాడు. పుక్కిట పట్టి తెచ్చిన నీటితో అభిషేకించాడు. ఆ కథ చెప్పిన శ్రీకాళహస్తి మాహాత్మ్యంలోనే పాము, ఏనుగుల వృత్తాంతమూ ఉన్నది. పాము మణులు తెచ్చి లింగాన్ని అలంకరించేది. ఏనుగు వచ్చి, ఆ రాళ్లను తోసివేసి, నీటితో అభిషేకించి పత్రిని, పూవులను ఉంచేది. పాము తిరిగి వచ్చి ఆ ఆకులను తొలగించేది. ఒకదాని కానుక మరొకదాని కంటికి మలినంగా తోచింది. చివరకు ఆ కోపంలో పాము ఏనుగు తొండంలో దూరింది. రెండూ ప్రాణాలు కోల్పోయాయి. భక్తిలో ఏదీ తక్కువది కాదు. ఎదుటి ప్రాణి తనకు అమూల్యమైనదాన్నే తెచ్చిందని గ్రహించకపోవడమే అక్కడ జరిగిన అనర్థం. పాము తెచ్చేది మణిని, ఏనుగు తెచ్చేది ఆకును, పిల్లి తెచ్చేది తొండను. ఎవరి సంపద వారిది.

జంతువుల చేష్టలకు మానవ భావాలను అంటగట్టేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో కుక్కలు తమకు పరిచయమున్న మరో కుక్కకు తిండి అందేలా పళ్లేన్ని లాగాయి. పరిచయం లేని కుక్క విషయంలో అంత ఉత్సాహం చూపలేదు. అదే సంస్థవారు 2021లో మరొక ప్రయోగ ఫలితాన్ని వెల్లడించారు. మీట నొక్కి తమకు తిండి పెట్టిన మనిషికీ, పెట్టని మనిషికీ కుక్కలు ఆ మీట ద్వారా తిరిగి తిండి ఇచ్చే విషయంలో భేదం చూపలేదు. అంటే అప్పు తీర్చినట్లు లెక్క కట్టి ఇచ్చే స్వభావం వాటికి ఉన్నదని ఆ పరీక్షలో తేలలేదు. మన ప్రేమకు బదులుగానే అవి కానుకలు తెస్తున్నాయని గర్వించడానికి వీలులేదు. ఆ చేష్ట వాటి స్వభావం నుంచి వచ్చినది. ఆ స్వభావంలో మనకు చోటు దొరకడమే మన భాగ్యం.

కానుకను అర్థం చేసుకోవడం అంటే వేటను ప్రోత్సహించడం కాదు. చెట్టు మీది ఉడుతకూ, గోడ మీది బల్లికీ బతికే హక్కు ఉన్నది. ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఇందుకు మార్గం చూపారు. మాంసపు మాంసకృత్తులు అధికంగా ఉన్న ఆహారం పెట్టినప్పుడు పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ 5 నుంచి 10 నిమిషాల సేపు వాటితో ఆడినప్పుడు 25 శాతం తగ్గింది. చచ్చిన జీవిని కాగితంతో తీసి పారవేసి, చేతులు శుభ్రంగా కడుక్కొని, పిల్లిని దండించకుండా ఊరకుండటం మంచిది. వేళకు టీకాలు వేయించడం పెంచేవారి బాధ్యత. ఇక పెంపుడు జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా నిష్కారణంగా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద శిక్షార్హం. నివాసుల సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు జారీ చేసింది.

ఆ యువకుడు బుట్టను తిరిగి అటక మీద పెట్టాడు. ఎదురింటికి వెళ్లి జరిగినదానికి క్షమాపణ చెప్పుకొన్నాడు. బాల్కనీకి వల కట్టించి, పిల్లి బయటికి పోకుండా చూస్తానని అపార్టుమెంటు పెద్దలకు మాట ఇచ్చాడు. వారు కొంత గొణిగి ఒప్పుకొన్నారు. నాటి నుంచి కార్యాలయానికి బయలుదేరే ముందు పది నిమిషాలు దారానికి కట్టిన ఈకతో పిల్లిని ఆడించడం అలవాటు చేసుకొన్నాడు.

తల్లి ఊరికి తిరిగి వెళ్లిన మరునాటి ఉదయం అతడు తలుపు తీసేసరికి పిల్లి గడప దగ్గరే కూర్చొని ఉన్నది. దాని ముందు దారం తెగిన ఈక ఉన్నది. అతడు వంగి దానిని అందుకొన్నాడు. పిల్లి తృప్తిగా లేచి వంటింటి వైపు నడిచింది. అతడూ వెంట వెళ్లి దాని గిన్నెలో తిండి వేశాడు. అరలో ఉన్న డబ్బా అప్పుడు అతని కంటపడింది. మూత తీసి ఒక అరిసెను నోట పెట్టుకొన్నాడు. అది కొంచెం గట్టిపడింది, రుచి మాత్రం పోలేదు. నములుతూనే ఫోను తీసి తల్లికి ఆ మాటే చెప్పాడు.