తెర రెపరెపలాడునప్పుడు

ఇంటిపట్టున నుండియే కంప్యూటరుపై పనిచేసి నాలుగు డబ్బులు సంపాదించుకొను సోదరీమణులు నేడు మనలో ననేకులు కలరు. ల్యాప్‌టాపు తెర చిన్నది. పెద్ద పట్టికలను దానిపై చదువుట కన్నులకు శ్రమ. కావున వేరుగా నొక మానిటరును దానికి తగిలించుకొనుట వాడుకయైనది. ఆ మానిటరు గాలికి పెట్టిన దీపమువలె రెపరెపలాడినచో పని సాగదు. తలనొప్పి మాత్రము సాగును. అట్టి సమయమున "క్రొత్తది కొనుడు" అని చెప్పువారికి కొదువలేదు. ఆ సలహాను పాటించుటకు ముందు గృహిణి తానే చేసికొనదగిన పరీక్షలు కొన్ని కలవని మనవి చేయుచున్నాము.

మేము ఒక వర్తకసంస్థ లెక్కలను ఇంటినుండి వ్రాయుచుందుము. మా మానిటరును స్వయముగ కూడబెట్టిన సొమ్ముతోనే కొంటిమి. నెలాఖరు లెక్కలు రెండు దినములలో నప్పగింపవలసియుండగా నది మాటిమాటికి నల్లబడి మరల వెలుగజొచ్చెను. మరమ్మతు చేయువాడు వచ్చి, కేబులునైనను ముట్టక, "తెర పోయినదమ్మా, మార్చవలసినదే" అని చెప్పిపోయెను. క్రొత్తది కొనుటకు చేత ధనము లేదు. పని నిలిచినచో రాబడి లేదు. అందుచే మేమే పరీక్షింప బూనితిమి.

పరీక్షకు మొదటి నియమము: ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను. పులుసులో ఉప్పు, చింతపండు, బెల్లము మూడును ఒకేసారి కలిపినచో ఏది తక్కువైనదో యెవరు చెప్పగలరు?

మొదట కేబులు కొనలను ఊడదీసి మరల గట్టిగా బిగించితిమి. ఫలము లేకపోయెను. పిదప కేబులును తీసివేసి మానిటరును మాత్రమే వెలిగింపగా, సిగ్నలు లేదను వాక్యము దానిపై నిలుకడగా కనబడెను. ల్యాప్‌టాపు తెరయు నిశ్చలముగనే యున్నది. కావున దోషము రెంటి నడుమ నున్నదని యనుమానము కలిగెను.

తరువాత సెట్టింగులలో రిఫ్రెష్ రేటును 60 నుండి 30కి తగ్గించితిమి. వెంటనే తెర కుదుటపడెను! కారణమిది: 4కె మానిటరుపై నించుమించు 83 లక్షల చుక్కలు గలవు. వానినన్నిటిని సెకనుకు 60 మారులు క్రొత్తగా పంపవలెను. అందులకు 2013లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. 2.0 పద్ధతియు, సెకనుకు 18 గిగాబిట్లు మోయగల కేబులును కావలెను. మా కేబులు పాతది, గది చుట్టును త్రిప్పిన పొడవుది. అంత బరువును మోయలేకుండెను. పొరుగింటి టీవీకి తగిలించిన పొట్టి కేబులును అడిగి తెచ్చి పెట్టగా, 60 వద్దనే తెర స్థిరముగ నిలిచెను. లెక్కలు గడువులోపలనే యప్పగించితిమి. కొన్ని వందల రూపాయలతో మంచి కేబులొకటి కొనుటతో చిక్కు తీరినది.

అందరి యిండ్లలోను కారణ మిదియే కానక్కరలేదు. విండోసు గల యంత్రములందు కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను కలిపి నొక్కిన టాస్క్ మేనేజరు తెరచుకొనును. తక్కినదంతయు రెపరెపలాడుచుండగా నదియొక్కటి కదలకున్నచో దోషము ఏదో యొక యాప్‌ది. అదియు రెపరెపలాడినచో డిస్ప్లే డ్రైవరుది. టైప్-సి అడాప్టరు వాడువారు దానిని మార్చి చూడవలెను. వెలుగు మిక్కిలి తగ్గించినపుడే రెపరెపలు తోచినచో, కొంచెము హెచ్చింపవలెను. మిక్సీ తిరుగునప్పుడో, చక్రముల కుర్చీ నుండి లేచునప్పుడో తెర యారినచో, విద్యుత్తు అలజడి కవచము చాలని కేబులులో దూరుచున్నదని యెరుగవలెను.

మంచి కేబులుతో, వేరొక ల్యాప్‌టాపుతో చూచినను రెపరెపలు పోనిచో దోషము మానిటరుదే. అప్పుడు మరమ్మతువానిని పిలువవచ్చును. దాని వెనుక మూతను మాత్రము మనము విప్పరాదు. లోన విద్యుత్తు నిలిచియుండును.

పొయ్యి వెలుగనప్పుడు మనము క్రొత్త పొయ్యి కొనము గదా! సిలిండరులో గ్యాసున్నదో లేదో ముందుగా చూతుము. ఆ యోపికయే యీ యంత్రముల యెడలను చాలును.