బండికో పందిరి

మొన్న ఎండాకాలం గండికోటలో, పెన్నా లోయ అంచున మధ్యాహ్నం రెండింటికి కాస్త నీడ కూడా దొరకలేదు. పిల్లల మొహాలు కందిపోయాయి. ఇంటికొచ్చిన వారానికే మా థార్ జీపుకి ఆనింగ్, అంటే పక్కకి లాగి పరుచుకునే గుడ్డ పందిరి, పెట్టించాను. 270 డిగ్రీలు విచ్చుకునేది చూస్తే ఆశ పుట్టింది గానీ, అది మామూలుదానికన్నా బరువెక్కువ. రాళ్ల దారిలో పైన క్యారియర్ తట్టుకోదనిపించింది. 2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్లు బయటికి లాగే మామూలుదే తీసుకున్నా.

ఎడమవైపు బిగించాం, రోడ్డు పక్కన ఆపినా వచ్చేపోయే బండ్లకు అడ్డుండదు. 8 ఎంఎం బోల్టులు, లోపల నైలాన్ రింగున్న లాక్ నట్లు వాడాం. కుదుపులకు మామూలు నట్లు వదులైపోతాయి.

గుడ్డ ఎప్పుడూ ఓ పక్కకి వాలుగా కట్టండి. వాన నీళ్లు మధ్యలో నిలిస్తే కడ్డీలు వంగిపోతాయి. గాలి లేచిందా, వెంటనే చుట్టేయండి.

నిన్న దాని కింద చాప వేసుకుని అమ్మ గంటసేపు నిద్రపోయింది.