నిస్తార్

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాల విద్యార్థులను విశాఖపట్టణమునకు విహారయాత్రకు తీసికొనిపోయితిని. అచట సముద్రతీరమున ప్రదర్శనశాలగా నిలిపియున్న 'కుర్సురా' అను జలాంతర్గామిని చూచితిమి. 1969 నుండి 2001 వరకు దేశసేవ చేసిన నౌక అది. లోపలి త్రోవలు మిక్కిలి ఇరుకు. ఒక గదినుండి వేరొక గదికి పోవుటకు గుండ్రని ద్వారములలో వంగి దూరవలెను. బయటికి రాగానే ఎనిమిదవ తరగతి బాలుడొకడు నన్ను అడిగెను:

"మాస్టారూ! ఇది సముద్రం అడుగున చెడిపోతే లోపలివాళ్ళు ఎలా పైకి వస్తారండీ?"

"నాకు తెలియదు నాయనా. తెలుసుకొని చెబుతాను" అంటిని. తెలియదని చెప్పుట ఉపాధ్యాయునకు చిన్నతనము కాదు. మాట యిచ్చి మరచుటయే చిన్నతనము. ఆ ప్రశ్నయే నన్ను 'నిస్తార్' అను నౌక చరిత్రకు చేర్చినది.

నిస్తార శబ్దము సంస్కృతము. 'తౄ' ధాతువునకు దాటుట అని అర్థము. పడవకు 'తరణి' యను పేరును ఆ ధాతువునుండియే వచ్చినది. నిస్తారమనగా ఆపదను దాటుట. మన తెలుగున చెప్పవలెనన్న గట్టెక్కుట.

మన నౌకాదళమున మొదటి జలాంతర్గామి 'కల్వరి' 1967లో చేరెను. నీటి అడుగునకు పోవు నౌకలున్నచో, వానిలోనివారిని కాపాడు నౌకయు ఉండవలెను గదా! అందులకై సోవియట్ దేశమునుండి తెప్పించిన నిస్తార్ 1971లో సేవ ప్రారంభించెను. దాని పొడవు సుమారు 70 మీటర్లు. పెద్ద యుద్ధనౌకల సరసన అది చిన్నది. పోరాడుట దాని పని గాదు. గజ ఈతగాండ్రను సముద్రగర్భమునకు దింపి, మరల క్షేమముగా పైకి తెచ్చుట దాని పని.

ఇది తేలిక పని కాదు. ప్రతి 10 మీటర్ల లోతునకును నీటి ఒత్తిడి, మన చుట్టునున్న గాలి ఒత్తిడి యంత చొప్పున పెరుగును. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమున కరగును. గోలీసోడా బుడ్డిలో గోలీని నొక్కగానే బుడగలు పొంగుట మీరు చూచియే యుందురు. లోతునుండి తొందరపడి పైకి వచ్చినవాని శరీరమునను అట్లే బుడగలు పుట్టి ప్రాణము మీదికి వచ్చును. కావున వానిని ప్రత్యేకమైన గదిలో నుంచి, ఒత్తిడిని మెల్లమెల్లగా తగ్గింపవలెను. రక్షణకార్యమున ధైర్యము వలెనే ఓరిమియు అవసరము.

1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ సమీపమున మునిగెను. అది మన 'విక్రాంత్'ను వెదకుచు వచ్చినది. మునిగిన కారణమును గూర్చి ఇరుదేశములవారి మాటలును వేరు. దానిని పరిశీలించుటకు నిస్తార్ పోయెను. ఈతగాండ్రు దిగి అది ఘాజీయే యని నిర్ధారించిరి. అందలి 90 మందికి పైగా నావికులలో ఒక్కడును మిగులలేదు. కాపాడుటకై పుట్టిన నౌకకు పేరు తెచ్చిన పని, కాపాడుటకు ఎవ్వరును మిగులని చోట జరిగెను! వారు శత్రువులే. అయినను వారికొరకును ఇండ్లలో తల్లులు ఎదురుచూచియే యుందురు.

1989లో నిస్తార్ సేవనుండి విరమించెను. 2018లో మన నౌకాదళమునకు లోతున పనిచేయు చిన్న రక్షణ జలాంతర్గామి లభించెను. అది 650 మీటర్ల వరకు దిగి, ఆపదలోనున్న జలాంతర్గామి ద్వారమునకు అతుకుకొని, లోపలివారిని విడతకు కొందరి చొప్పున తనలోనికి ఎక్కించుకొని పైకి తెచ్చును. 2021 ఏప్రిలులో ఇండోనేషియా జలాంతర్గామి 'నంగాలా' కనబడకపోగా, సహాయార్థము విశాఖనుండి అట్టి సాధనమును పంపిరి. కాని అందలి 53 మందియు అప్పటికే మరణించిరి. సముద్రము ఎవరికొరకును ఆగదు.

అటువంటి సాధనమును మోసికొనిపోవుటకు విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఒక నౌకను నిర్మించిరి. 118 మీటర్ల పొడవు గల ఆ నౌక 2025 జూలై 18వ తేదీన నౌకాదళమున చేరెను. దానికి పాత పేరే పెట్టిరి: నిస్తార్. విదేశమునుండి తెచ్చుకొన్న పేరింటిది, ఇపుడు మన తీరముననే, మన పనివారి చేతులలో మరల పుట్టినది.

యుద్ధనౌకకు విజయము కీర్తి. ఈ నౌకకో, తన అవసరమే కలుగకుండుట భాగ్యము. అయినను అది ప్రతిదినమును సిద్ధముగా నుండవలెను. సముద్రగర్భమునకు పోవు నావికుడు "నాకొరకు వచ్చువారు కలరు" అను నమ్మకముతోనే పోవును.

ఆ బాలుడు ఇపుడు ఎచట నున్నాడో నేనెరుగను. అతడీ పుటలు చదివినచో, "నాయనా, ఆలస్యమైనది గాని నీ ప్రశ్నకు జవాబు దొరికినది. లోపలివారు తమంత తాము పైకి రాలేనప్పుడు, వారికొరకు పైవారు దిగుదురు" అని నా మాటగా గ్రహించును గాక.